దేవన్న మిగిల్చే గుటక

రాజ్యాల చరిత్ర పట్టాభిషేకాలతోనో యుద్ధాలతోనో మొదలవుతుంది. మంజీరకు ఇవతల, మహారాష్ట్ర వైపు బిలోలి తాలూకాలో ఉన్న మా ఊరి చరిత్ర దేవన్న చాయ్ గ్లాసు అడుగున మొదలవుతుంది.

బస్టాండు ఎదురుగా ఉన్న రామదాస్ హోటల్లో దేవన్న రోజూ పొద్దున చాయ్ తాగుతాడు. మొత్తం తాగడు. ఒక గుటక మిగులుస్తాడు. తర్వాత లేచి నిలబడి, ఎవరో తాగి పారేసిన బీడీ ముక్క ఎక్కడ పొగ వదులుతోందో వెతికి, దాని మీద ఆ గుటక పోస్తాడు. బీడీ చుయ్యిమని ఆరుతుంది. దేవన్న గ్లాసు బల్ల మీద పెట్టి పొలానికి పోతాడు. మంత్రులు వచ్చారు, పోయారు. నోట్లు రద్దయ్యాయి, మళ్ళీ అచ్చయ్యాయి. కరోనాలో హోటల్ మూతపడితే దేవన్న ఇంట్లోంచి గ్లాసు తెచ్చుకుని, వెనక తలుపు దగ్గర చాయ్ పోయించుకుని, అప్పుడు కూడా గుటక మిగిల్చాడు. బీడీలు దొరకని రోజులు కాబట్టి ఆ గుటక ఊరికే నేల మీద పోసేవాడు.

ఈ ఆచారం ఎప్పుడు పుట్టిందన్న దాని మీద ఊళ్ళో రెండు సంప్రదాయాలున్నాయి. కిరాణా కొట్టు రామకిషన్ సేట్ చెప్పేదాని ప్రకారం ఇది ఊళ్ళో అగ్నిశామక దళం, అంటే మంటలార్పే దళం, పెట్టిన నాడు దేవన్న పట్టిన వ్రతం. పోచన్న వర్గం, అంటే పోచన్న ఒక్కడే, దీన్ని ఒప్పుకోదు. ఎద్దులు కాలిపోయిన మర్నాటి నుంచే ఈ అలవాటు ఉందని ఆయన వాదన. దేవన్ననే అడిగితే తేలిపోయే విషయం. కానీ బతికున్న మనిషిని అడిగి చరిత్ర రాసే పద్ధతి ఎక్కడా లేదు.

దేవన్న రైతు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పోలీసు కనబడితే హిందీ మాట్లాడతాడు. గట్టిగా మాత్రం ఏ భాషలోనూ మాట్లాడడు. ఆయనకు ఒక జత ఎద్దులుండేవి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన బిలోలి అంగడికి పోయినప్పుడు కొట్టం అంటుకుంది. లోపల జొన్నచొప్ప, చొప్ప పక్కన కట్టేసిన ఎద్దులు. తాలూకా నుంచి మంటల బండి వచ్చేసరికి ఆర్పడానికి బూడిద మిగిలి ఉంది. బండి ఎర్రగా, శుభ్రంగా, చూడముచ్చటగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. దాని సిబ్బంది బూడిద మీద ఎంతో శ్రద్ధగా నీళ్ళు పోసి, చాయ్ తాగి, ఈసారి కొంచెం ముందుగా చెప్పమని సలహా ఇచ్చి వెళ్ళారు. కొట్టంలో గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి. దేవన్న సాయంత్రం దాకా వాటి ముందు కూర్చున్నాడు.

ఆయన మళ్ళీ ఎద్దుల్ని కొనలేదు. భార్య ఇందుబాయితో ఒక మాట మాత్రం అన్నాడు.

"ఒక్క కొట్టం. ఒక్కటంటె ఒక్కటి కాలకుంట ఆపితె సాలు."

"మనది వాయె గద," అంది ఇందుబాయి.

"మనది గాదు. ఎవలదన్న."

దళం స్థాపన మారుతి గుడి ముందు, జెండా వందనం అయిపోయాక, మిఠాయి పంచిపెట్టకముందు జరిగింది. మిఠాయి ముందే పంచితే సభ నిలవదని రామకిషన్ సేట్‌కు అనుభవం. దళానికి పేరు కూడా ఆయనే తయారు చేసుకుని వచ్చాడు: జై హనుమాన్ స్వయంసేవక్ అగ్నిశామక్ దళ్.

పోచన్న చెయ్యెత్తాడు. "సేట్, లంకను కాలవెట్టినాయన పేరు మంటలార్పెతందుకా?"

గుడి మెట్ల మీదే కూర్చుని ఈ మాట అన్నాడు కాబట్టి అందరూ ఒకసారి గుడి లోపలికి తొంగిచూశారు. చివరికి దేవన్న గొంతు సవరించుకున్నాడు.

"ఎట్ల అంటుకుంటదో ఆయనకెర్కైనంత ఇంకెవలకెర్క?"

పేరు ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ తర్వాత పదవులు. సేట్ అధ్యక్షుడయ్యాడు. హోటల్ రామదాస్ ఉపాధ్యక్షుడు. బడిపంతులు కార్యదర్శి. కోశాధికారి, సహకోశాధికారి, ప్రచార ప్రముఖ్ ఎవరికి వారే దొరికారు. పోచన్నను సలహాదారుగా వేశారు, పదవి ఇవ్వకపోయినా ఆయన సలహా ఆగేది కాదు. అందరికీ పంచాక చూస్తే, పదవి లేని మనిషి దేవన్న ఒక్కడే మిగిలాడు. సభ్యులే లేకపోతే దళం ఎట్లా అవుతుందని పంతులు సందేహం లేవదీశాడు. అందుచేత దేవన్నను సభ్యుడిగా ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచారు.

నీళ్ళ ట్యాంకర్‌ను సేట్ ఇచ్చాడు. ఆయన ఇల్లు కట్టినప్పటి పాత సరుకు, చిల్లులు పడి వెనక వాడలో పడి ఉన్నది. దేవన్న దానికి అతుకులు వేయించాడు, ఎర్రరంగు పూశాడు, ఒకవైపు మరాఠీలో, ఒకవైపు తెలుగులో దళం పేరు రాయించాడు. పొలంలోని తన డీజిల్ ఇంజన్ ఊడదీసి తెచ్చి బిగించాడు. తన బోరు నీళ్ళతో నింపి గుడి పక్కన నిలబెట్టాడు. ఆ రోజు ట్యాంకర్ ముందు నిలబడి ఫొటో దిగడానికి పదాధికారులందరికీ చోటు చాల్లేదు. ఫొటో తీసింది దేవన్న.

ఆ తర్వాతి సంవత్సరాల్లో దళం చేసిన సేవ తక్కువది కాదు. పుఢారి, అంటే నాయకుడు, ఎవరైనా వస్తున్నారంటే దుమ్ము లేవకుండా రోడ్డు తడిపింది. గణపతి ఊరేగింపులో పిల్లల మీద జల్లు కురిపించింది. పెళ్ళిళ్ళలో గిన్నెలు కడిగింది. నిప్పు తప్ప అన్నిటి మీదా నీళ్ళు చల్లింది. నిప్పు రాకపోవడం కూడా దళం పుణ్యమేనని సేట్ ప్రతి సభలోనూ చెప్పేవాడు. దేవన్న మాత్రం ఎండాకాలం మొదలైందంటే సరిగా నిద్రపోయేవాడు కాదు. పొద్దున లేవగానే గుడి దగ్గరకు వెళ్ళి ట్యాంకర్ పొట్ట మీద వేళ్ళతో తట్టేవాడు. మోత ఎక్కడి దాకా గట్టిగా ఉంటే అక్కడి దాకా నీళ్ళున్నట్టు. రోజురోజుకూ మోత కిందికి దిగేది.

కారణం రహస్యమేమీ కాదు. ఎండాకాలం మా ఊళ్ళో నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు. అట్లాంటి ఊరి నడిబొడ్డున నిండు ట్యాంకర్ నిలబడి ఉంది. ఇంకొకటి కూడా చెప్పాలి. చేతిలో బిందెతో వచ్చి నీళ్ళడిగిన మనిషిని లేదని పంపడం మా వైపు లేదు. అప్పు అడిగితే లేదనవచ్చు, పిల్లనడిగితే ఆలోచిస్తామనవచ్చు. నీళ్ళకు అట్లాంటి మర్యాదలు కుదరవు.

మొదట వచ్చింది జనాబాయి, దేవన్న ఇంటి వెనకింటి ఆమె. భర్త పోయాడు. కొడుకు నాందేడ్‌లో పని చేస్తాడు. కోడలు శీతల్, ఒక పాడి బర్రె, ఇంతే ఆమె సంసారం.

"తమ్మీ, ఒక్క బిందె."

"అక్కా, అవి మంటలకు వెట్టిన నీళ్ళు."

"మంట యాడున్నది?"

దేవన్న నాలుగు దిక్కులా చూశాడు. మంట ఎక్కడా లేదు. నల్లా తిప్పాడు.

సాయంత్రానికి బారులో మనుషులు నిలబడ్డారు. మంట ఎక్కడుందని ప్రతి ఒక్కరూ అడిగారు, న్యాయమైన ప్రశ్నే. దేవన్న మళ్ళీ నింపాడు. మళ్ళీ ఇచ్చాడు.

"బోరు నీళ్ళన్ని గుడికాడికి మోస్తవు," అంది ఇందుబాయి ఒకరోజు రొట్టె వడ్డిస్తూ. "ఊరంత తోడుకపోతది. రేపు మంటొస్తె ఏం బోస్తవు, నీ గ్లాసుల చాయా?"

"రేపటిసంది ఎవలకియ్య."

"నువ్వా?"

దేవన్న రొట్టె ముగించి లేచాడు. తన మీద ఆమెకున్న అంచనా సరైనదేనని తెలిసి నల్లాకు తాళం వేసి, తాళంచెవి అధ్యక్షుడికి అప్పజెప్పాడు. సేట్ వ్యాపారి, కాదనడం చేతనైనవాడు, ఆయనైతే గట్టిగా ఉంటాడని లెక్క. కానీ ఆ ఏడాది సేట్ సర్పంచ్‌గా నిలబడాలని అనుకుంటున్నాడు. తాళంచెవి కొట్లో చక్కెర బస్తా మీది మేకుకు, అందరి చేతికీ అందే ఎత్తులో వేలాడింది. ఎన్నికల్లో సేట్ గెలిచాడు.

జనాబాయి మనుమడికి చైత్రంలో పేరు పెట్టారు. ఆ పొద్దున ఆమె బిందెతో కాదు, బండి మీద డ్రమ్ములతో వచ్చింది.

"తమ్మీ, ఈ ఒక్కనాడు. సుట్టాలొస్తున్నరు. కాళ్ళకన్న నీళ్ళియ్యకపోతె ఏం బాగుంటది?"

పొలాలకు కరెంటు ఆ వారం రాత్రి వంతు. రాత్రికి బోరు నడిపి, తెల్లారేసరికి నింపేస్తే సరిపోతుందని దేవన్న అనుకున్నాడు. ట్యాంకర్ అడుగంటే దాకా డ్రమ్ములు నింపాడు. తలుపు దగ్గర చుట్టాలంతా కాళ్ళు కడుక్కున్నారు. ఆ నీళ్ళు వాకిట్లోంచి పారి కొట్టం ముందు మడుగు కట్టాయి.

వంట కొట్టం వెనకే జరిగింది. నేలలో తవ్విన పెద్ద పొయ్యి. భోజనాలయ్యాక వంటవాళ్ళు గుండిగలు దించుకుని వెళ్ళారు. దేవన్న కూడా తిని, చాయ్ గ్లాసు పట్టుకుని అటు వెళ్ళాడు. పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. వడగాలి మొదలైంది. గాలి తగిలినప్పుడల్లా నిప్పులు ఊపిరి పీల్చినట్టు వెలుగుతున్నాయి. కొంచెం అవతల కొట్టం, కొట్టాన్ని ఆనుకుని చొప్ప వామి. పక్కనే గిన్నెలు కడగడానికి తెచ్చిన బకెట్లో సగం నీళ్ళున్నాయి.

దేవన్న బకెట్ వైపు చూశాడు. వాకిట్లోంచి జనాబాయి చూసింది.

"తమ్మీ, పొయ్యిల నీళ్ళు వొయ్యకు. శుభం ఇంట్ల దానంతట అదే సల్లారాలె."

ఆ సంగతి దేవన్నకు చెప్పనక్కర్లేదు. పసివాడికి పేరు పెట్టిన రోజున ఆ ఇంటి పొయ్యి మీద నీళ్ళు పోసే మనిషి మా వైపు పుట్టలేదు. ఆయన చుట్టూ చూశాడు. పొయ్యి గట్టున ఎవరిదో బీడీ ముక్క పొగ వదులుతోంది. గ్లాసులో మిగిలిన గుటక దాని మీద పోశాడు. అది ఆరిందని రూఢి చేసుకుని, పిల్లవాడి చేతిలో ఒక నోటు పెట్టి, ఇంటికి వెళ్ళి పడుకున్నాడు.

ఇంకా పొద్దు గూకకముందే, ఎవరో గుడి గంట మోగించేసరికి, చొప్ప వామి మీద మంట చెట్టంత లేచింది.

ఇక్కడ దళం గురించి న్యాయంగా ఒక మాట చెప్పాలి. అన్నేళ్ళలో మొదటిసారి దానికి నిజమైన పని పడింది, అది తడబడలేదు. సేట్ ట్రాక్టరు పెళ్ళికి పోలేదు, ఇంటి ముందే ఉంది. దేవన్న కొడుకు వైభవ్ దాన్ని క్షణాల్లో తెచ్చి ట్యాంకర్‌కు తగిలించాడు. కొబ్బరికాయ కొట్టాలని ఎవరూ అనలేదు. పైపు ముడిపడకుండా విప్పుకుంది. పోచన్న సలహా ఏదీ ఇవ్వకుండా కొస పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ మొదటి గుంజుకే అందుకుంది.

పైపు దగ్గింది. కొంత గాలి వచ్చింది. తర్వాత తుప్పు రంగులో కాసిని నీళ్ళు పోచన్న కాళ్ళ మీద పడ్డాయి. తర్వాత మళ్ళీ గాలి.

"ఇంజన్ మాత్రం మంచిగ నడుస్తున్నది," అన్నాడు పోచన్న.

ఊళ్ళో నీళ్ళు లేవని కాదు. ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, చాలావరకు ఈ ట్యాంకర్‌వే. కొందరు బిందెలతో పరిగెత్తుకొచ్చి పోశారు. మిగతావాళ్ళు తమ బిందెలతో తమ మిద్దెల మీద నిలబడి, నిప్పురవ్వలు ఎటు ఎగురుతున్నాయో చూస్తున్నారు. వాళ్ళకూ కొట్టాలున్నాయి, పిల్లలున్నారు. వాళ్ళని ఏమనగలం?

దేవన్న ఫోను తీసి మంటల బండికి కొట్టాడు. మా ఊరికి నది అవతలి టవరే దగ్గర. ఫోను అవతలి రాష్ట్రంలో మోగింది. ఒక అమ్మాయి ఎంతో మర్యాదగల తెలుగులో ఏ మండలం అని అడిగింది.

"బిలోలి తాలూకా, బిడ్డా."

"మండలం పేరు చెప్పండి సార్."

"మాకాడ మండలాలుండయమ్మా. కొట్టం కాలుతున్నది."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్," అంది ఆ అమ్మాయి. ఆమె తప్పేం లేదు. దేవన్న లైన్లో ఉండలేదు. ఫోను జేబులో వేసుకుని, కొడవలి పట్టుకుని కొట్టంలోకి వెళ్ళాడు.

బర్రె లోపలే ఉంది. దాని తాడు కోసేద్దామని ఆయన ఆలోచన. ఎద్దుల విషయంలో ఆ పని చెయ్యడానికి ఎవరూ లేకపోయారని ఆయన మనసులో ఏళ్ళ తరబడి ఉన్న మాట. కానీ జనాబాయి కిందటేడు దొంగల భయంతో బర్రెను గొలుసుతో కట్టడం మొదలుపెట్టింది. కొడవలి గొలుసు మీద పనిచెయ్యలేదు. దేవన్న చేతులతో కొక్కెం విప్పబోయాడు. అది అప్పటికే ఎర్రగా కాలి ఉంది. అయినా వదల్లేదు. వైభవ్ వెనక నుంచి నడుము పట్టి బయటికి లాక్కొచ్చాడు. బర్రె చాలాసేపు అరిచింది. తర్వాత అరవలేదు.

కొట్టం ముందు చుట్టాలు కాళ్ళు కడుక్కున్న చోట నేల ఇంకా తడిగానే ఉంది.

తాలూకా బండి కూడా వచ్చింది. ఈసారి కొత్త బండి. ముందుదానికంటే బాగుందని అన్నారు.

దవాఖానాలో రెండు చేతులకూ కట్లు కట్టి పంపారు. ఇందుబాయి అన్నం కలిపి తినిపిస్తుంటే దేవన్న నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదో ముద్ద దగ్గర మొహం పక్కకు తిప్పాడు.

"నిప్పులు సూసిన్నే," అన్నాడు. "పక్కన బకిట్ల నీళ్ళుండె."

"మరి పొయ్యకపోతివి?"

"శుభం ఇంట్ల పొయ్యిల ఎట్ల వోస్త?"

ఇందుబాయి ఆలోచించింది. "నిజమే," అంది. "ఎట్ల వోస్తవు." ముద్ద మళ్ళీ నోటి దగ్గర పెట్టింది.

జనాబాయి రెండు రోజులు ఇటు రాలేదు. మూడోనాడు వచ్చి గడప పక్కన కూర్చుంది. కట్ల వైపు చూడకుండా మాట్లాడింది.

"నేనే వొయ్యకంటి, తమ్మీ."

"నువ్వనకున్నా నేను వోస్తుంటినా, అక్కా?"

పోయేముందు ఆమె లేచి కొంగు సవరించుకుని, మెల్లగా అడిగింది. "కాలిన జాగ కడగాలె. ట్యాంకర్ల ఏమన్న ఉన్నయా?"

"వైభవ్ రాత్రి నింపిండు," అన్నాడు దేవన్న. "తీస్కపో."

మహారాష్ట్ర దినం నాడు గుడి ముందు దళానికి సత్కారం జరిగింది. అధ్యక్షుడి హోదాలో సేట్ శాలువా కప్పించుకున్నాడు, సర్పంచ్ హోదాలో ఆ శాలువా తనకు తానే కప్పుకున్నట్టయింది. దేవన్నకు కొబ్బరికాయ ఇచ్చారు. కట్లున్న చేతులతో పట్టుకోలేడని అది ఇందుబాయికి అందించారు. సేట్ మరాఠీలో మొదలుపెట్టి తెలుగులోకి దిగి చాలాసేపు మాట్లాడాడు. దేవన్న రోజూ మిగిల్చే గుటక సంగతి కూడా ఎత్తాడు. మనిషి తన నోటి దగ్గరి చాయ్ సైతం ఊరి కోసం త్యాగం చేస్తున్నాడనీ, ఆ గుటకే ఈ దళానికి పునాదిరాయి అనీ, పసిపిల్లలకు ఈ కథ చెప్పాలనీ అన్నాడు. ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. జనాబాయి చివరి వరుసలో కూర్చుని నేల వైపు చూస్తోంది.

సభ అయ్యాక దేవన్న సేట్ దగ్గరకు వెళ్ళాడు.

"సేట్, నన్ను ఇడిసిపెట్టుండ్రి. నాతోని గాదు."

"ఏందయ్య, గిట్లంటవు? నువ్వు వోతె దళంల ఎవలుంటరు?"

"మీరంత ఉన్నరు గద."

"మేం పదాధికారులం," అన్నాడు సేట్, ఓపికగా. "సబ్యుడు నువ్వొక్కనివే."

కార్యవర్గం కూర్చుని విషయం విచారించింది. సభ్యుడు లేని దళానికి అధ్యక్షుడు ఉండడం కుదరదని తేలింది. రాజీనామా తిరస్కరించారు. దేవన్న ఇప్పటికీ సభ్యుడే.

మృగశిరలో వానలు పడ్డాయి. ఈసారి బాగానే పడ్డాయి. బావులు నిండాయి, నల్లా కూడా సిగ్గుపడి రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. గుడి పక్కన ట్యాంకర్ అంచుల దాకా నిండి ఉంది. తట్టి చూస్తే పైదాకా గట్టి మోత. బిందె పట్టుకుని దాని దగ్గరకు వచ్చేవాళ్ళు లేరు. ఊళ్ళో చొప్పలు, కప్పులు, కట్టెలు అన్నీ తడిసి ముద్దగా ఉన్నాయి, అగ్గిపుల్ల గీసినా అంటుకోవు. దళం ఇప్పుడు పూర్తి సన్నద్ధంగా ఉంది.

దేవన్న కట్లు విప్పారు. వేళ్ళు పూర్తిగా ముడవడం లేదు. హోటల్లో గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతాడు. ఆ పొద్దున వాన పడుతోంది. బీడీ ముక్కలు పడ్డచోటే ఆరిపోతున్నాయి. దేవన్న చాయ్ తాగాడు, అలవాటు ప్రకారం గుటక మిగిల్చాడు, లేవకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

రామదాస్ ఆ గ్లాసు వైపు చూశాడు. సేట్ ఉపన్యాసం అతని మనసులో ఇంకా ఉంది. చరిత్రలో మొదటిసారి ఒకరు ఆ ప్రశ్న అడిగారు.

"మామా, గీ గుటక మిగిలిచ్చుడు దళం వెట్టినంకనా, ఎద్దులు వోయినంకనా?"

"అంతకు ముందుసందె," అన్నాడు దేవన్న.

"మరెందుకు?"

దేవన్న గ్లాసును అరచేతులతో పట్టుకుని అతని వైపు వంచాడు. అడుగున నల్లగా, వేలెడు మందాన చాయ్ పొడి పేరుకుని ఉంది.

రామదాస్ హోటల్లో చాయ్ వడకట్టరు.